మెదడు ధమనికి మాటు వేసిన కథ

అరబ్బీలో 'ఉమ్ అద్దమ్' అని ఒక మాట ఉంది. ఉమ్ అంటే తల్లి, దమ్ అంటే రక్తం. ఇక్కడి బడుల్లో అరబ్బీ అక్షరాలు దిద్దుకున్న మన పిల్లలను అడిగితే అర్థం ఇట్టే చెప్తారు గాని, అది ఒక జబ్బు పేరని వారిలో చాలామందికి తెలియదు. ధమని గోడ ఒకచోట పలచబడి, రక్తపు ఒత్తిడికి బయటికి పొంగి, చిన్న సంచీలా వేలాడితే దానిని ఇంగ్లీషు వైద్యంలో ఎన్యూరిజం అంటారు. పాత అరబ్బు వైద్య గ్రంథాల నుంచి దానికి వస్తున్న పేరు ఈ రక్తపు తల్లి. మెదడును కప్పి ఉంచే పొరలకు కూడా అరబ్బులు తల్లి పేరే పెట్టారు. 12వ శతాబ్దంలో ఆ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చినవారు 'ఉమ్' అన్నదానిని ఉన్నదున్నట్లు 'మాటర్' అని దించుకున్నారు. ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు నేటికీ వల్లెవేసే డ్యూరా మాటర్, పయా మాటర్ అనే పేర్ల వెనుక ఉన్నది ఈ అరబ్బీ అమ్మే.

ఈ సంచికలో పండుగలూ పద్యాలూ ఉండగా మధ్యలో ఈ జబ్బు కథ ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. కారణం ఉంది. ఈ ఎడారి దేశంలో రెండు మూడు తరాలుగా బతుకుతున్న మన కుటుంబాలలో ఒక మాట ఆచారంలా పాతుకుపోయింది: "పెద్ద జబ్బు వస్తే ఇంటికి తీసుకుపోదాం." ఇల్లు అంటే హైదరాబాదో, విశాఖపట్నమో, విజయవాడో. ఈ మాటకు ఒకప్పుడు బలమైన ఆధారం ఉండేది. కాని మెదడులోని ధమని ఉబ్బు పగిలినప్పుడు ఈ ఆచారమే మనిషిని చంపగలదు. ఆ ఆచారం ఎక్కడ పుట్టిందో, వైద్యం దానిని ఎలా దాటిపోయిందో చెప్పాలన్నదే మా ఉద్దేశం.

ముందు జబ్బు సంగతి. సైకిలు ట్యూబు పాతబడితే ఒకచోట పలచనై బుగ్గలా పొంగడం చూసే ఉంటాము. మెదడు అడుగున ధమనులు రెండుగా చీలే మలుపుల దగ్గర అలాగే జరుగుతుంది. పెద్దవారిలో సుమారు నూటికి ముగ్గురికి ఇటువంటి ఉబ్బు ఉంటుందని అంచనా. వారిలో చాలామందికి జీవితాంతం అది ఉన్నట్లు కూడా తెలియదు. పగిలిందా, రక్తం మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి చిమ్ముతుంది. తలలో పిడుగు పడినట్లు ఒక్క క్షణంలో నొప్పి. పుట్టి బుద్ధెరిగి అటువంటి తలనొప్పి ఎరగమని చెప్తారు. వాంతి, మెడ బిగుసుకుపోవడం, కొందరికి స్పృహ తప్పడం. పగిలినవారిలో మూడోవంతుకు తక్కువ కాకుండా ప్రాణాలు పోతాయి. మొదటిసారి బతికి బయటపడ్డవారికి అసలు గండం మళ్ళీ పగలడం. ఆ ప్రమాదం తొలి 24 గంటలలోనే అన్నిటికంటే ఎక్కువ. ఈ 24 గంటల లెక్క గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాము, మళ్ళీ దానికే వస్తాము.

ధమని ఉబ్బు సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో 'సిరాజ గ్రంథి' అనే ఉబ్బు వర్ణన ఉంది. నేటి పండితులు కొందరు దానిని ఎన్యూరిజంతో పోలుస్తారు. నొప్పి ఉండి కదిలేది అయితే కష్టం మీద నయమవుతుందట; నొప్పి లేక, కదలక, పెద్దదై, మర్మస్థానంలో ఉంటే వైద్యుడు దానిని విడిచిపెట్టవలసిందేనట. కార్డోబా పక్కన మదీనత్ అజ్జహ్రాలో 10వ శతాబ్దంలో పుట్టిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పాడు. స్పెయినులో పుట్టినా ఆయన పేరు చివర 'అల్ అన్సారీ' అని ఉంటుంది; అంటే మన పక్కనున్న మదీనా పట్టణపు అన్సారుల వంశం అని. ఆయన రాసిన 'అత్తస్రీఫ్' 30 భాగాల గ్రంథం, చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్సకే. చేతికీ కాలికీ వచ్చే చిన్న ఉబ్బులకు సూదీ దారంతో ముడి వేయవచ్చు గాని, చంకలో, గజ్జలో, మెడలో వచ్చే పెద్దవాటిని ఇనుముతో ముట్టవద్దని అందులో హెచ్చరించాడు. రెండు దేశాలు, రెండు భాషలు, బుద్ధి మాత్రం ఒక్కటే. చేయకూడని పనిని గుర్తించడం కూడా వైద్యమేనని మా అభిప్రాయం.

ముడి వేయడం చాలా పాత విద్య. క్రీ.శ. 2వ శతాబ్దంలోనే యాంటిలస్ అనే గ్రీకు వైద్యుడు ఉబ్బుకు పైనా కిందా ధమనిని కట్టివేసి మధ్యలో కోసేవాడు. 1785లో లండన్‌లో జాన్ హంటర్ ఒక బండి తోలేవాడి మోకాలి వెనుక ఉబ్బుకు తొడలో ధమనిని కట్టి కాలు నిలబెట్టాడు. 1805లో ఆస్ట్లీ కూపర్ అదే పని మెడలోని కెరోటిడ్ ధమనికి చేశాడు. ఆ రోగి దక్కలేదు, 1808లో చేసిన మరొకరు దక్కారు.

మెడలో ధమనిని కట్టేస్తే మెదడు ఎండిపోదా అని ఎవరికైనా సందేహం వస్తుంది. కొందరికి ఎండిపోతుంది, కొందరికి ఎండిపోదు. కారణం 1664లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్ తన మెదడు శాస్త్ర గ్రంథంలో వివరించాడు. మెడలో నుంచి పైకి వచ్చే నాలుగు ధమనులు మెదడు అడుగున ఒక వలయంగా కలుస్తాయి. ఒక కాలువ మూతపడితే మరొక కాలువ నీరు అందిస్తుంది. గోదావరి డెల్టా కాలువల లాకులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. విల్లిస్ పుస్తకానికి బొమ్మలు వేసినవారిలో తరువాత లండన్ సెంట్ పాల్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ ఒకరు. ఆ విల్లిస్ పేరు మూడున్నర శతాబ్దాల తరువాత చైనాలో తయారైన ఒక చిన్న గొట్టానికి పెట్టారు. ఆ గొట్టమే మా వ్యాసానికి గురి.

పుర్రె లోపలి ఉబ్బును బతికున్న మనిషిలో చూడడం 1927 వరకు ఎవరి వల్లా కాలేదు. ఆ ఏడు లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి ఎక్స్‌రేకు అడ్డుపడే మందు ఎక్కించి మెదడు రక్తనాళాల బొమ్మ తీశాడు. ఆయనకు 1949లో నోబెల్ బహుమతి వచ్చింది గాని అది దీనికి కాదు, మెదడు ముందు భాగపు నరాలను తెంచే లోబాటమీకి వచ్చింది. ఆ చికిత్స ఎంతమందిని జీవచ్ఛవాలను చేసిందో తెలిసిన తరువాత, బహుమతి తప్పు పనికి ఇచ్చారనడానికి మేము వెనుకాడము.

1931లో ఎడిన్‌బరోలో నార్మన్ డాట్ ధైర్యం చేసి తల తెరిచి, చిమ్ముతున్న ఉబ్బు మీద రోగి కాలి నుంచే తీసిన కండ ముక్కను అదిమి కప్పాడు. ఆ రోగి కోలుకొని ఏళ్ళ తరబడి బతికాడు. గుర్తించండి, అది బయటి నుంచి వేసిన మాటు. మా చిన్నతనంలో బిందెకు చిల్లి పడితే 'మాట్లు వేస్తాం' అని వీధిలో కేక వేసుకుంటూ వచ్చేవారు. డాట్ చేసినది ఇంచుమించు అదే. 1937లో అమెరికాలో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ ఉబ్బు మెడకు చిన్న వెండి క్లిప్పు బిగించాడు. దుస్తులు ఆరవేసే తీగకు క్లిప్పు పెట్టినంత సులభంగా వినిపిస్తుంది గాని, మెదడును పక్కకు ఒత్తి, దీపం వెలుగులో, కొట్టుకుంటున్న ధమని పక్కన చేసిన పని అది. 1960ల చివరలో జూరిచ్‌లో గాజీ యాసర్గిల్ సూక్ష్మదర్శినిని ఆపరేషను బల్ల దగ్గరకు తెచ్చిన తరువాత గాని ఆ పని నలుగురూ నేర్చుకోగలిగేది కాలేదు. మన వైపు కూడా 1950లలోనే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావు గారు మెదడు శస్త్రచికిత్సకు పునాది వేశారు. ఆంధ్ర దేశంలో 'తల కోయించుకొని బతికిన మనిషి' అనే మాట వింత కాకుండా పోయింది ఇటువంటి వారి వల్లనే.

తల తెరవకుండా, రక్తం వెళ్ళే దారిలోనే వెళ్ళి ఉబ్బును మూయవచ్చునన్న ఆలోచన మాస్కోలో మొగ్గ తొడిగింది. మే దినోత్సవంలో పిల్లల చేతుల్లో దారాలకు కట్టిన బెలూన్లు ఊగడం చూసి ఫ్యోదర్ సెర్బినెంకోకు అది తట్టిందని చెప్తారు. ఆయన 1970 నాటికి సన్నని గొట్టం చివర చిన్న రబ్బరు బెలూను కట్టి, ధమనిలోకి పంపి, అక్కడ నింపి వదిలిపెట్టసాగాడు. 1974లో ఆ పని ఇంగ్లీషు పత్రికలో వచ్చాక లోకం విస్తుపోయింది. తరువాత ఇటలీ వైద్యుడు గీడో గుగ్లియెల్మీ అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో వెంట్రుకంత సన్నని ప్లాటినం తీగను ఉబ్బులో చుట్టగా నింపి, చిన్న విద్యుత్తుతో తెంపి వదిలే విద్య కనిపెట్టి 1991లో ప్రకటించాడు. దీనినే కాయిలింగ్ అంటారు. 2002లో వెలువడిన ఐశాట్ అనే పెద్ద పరిశీలనలో, ఉబ్బు పగిలిన 2,143 మందిని క్లిప్పుకు కొందరినీ కాయిలుకు కొందరినీ విభజించి చూశారు. ఏడాది తరువాత చనిపోయినవారూ, ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవారూ కలిపి క్లిప్పు పక్షంలో 30.6 శాతం, కాయిలు పక్షంలో 23.7 శాతం. రెండు విధానాలకూ అనువైన రోగుల లెక్క మాత్రమే ఇది, అందరికీ వర్తించదు. అయినా ఆ లెక్కతో దారి మారింది.

కాని మెడ వెడల్పుగా ఉన్న ఉబ్బులో తీగ నిలవదు, జారి ధమనిలోకి వస్తుంది. దెబ్బ తగిలి గోడే చిరిగిన ధమనిలో అసలు నింపడానికి సంచీయే ఉండదు. అక్కడ కావలసింది నింపడం కాదు, లోపలి నుంచి మాటు. ఇక్కడే మన కథ ఈ దేశపు చరిత్రను ఒకసారి పక్కనే తాకి పోతుంది.

1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడింది. మనమందరం ఇక్కడ ఉండడానికి మూలం ఆ బావి. సరిగ్గా ఆ వసంతంలోనే, ఏప్రిల్ 6న, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడు శీతల యంత్రాల కోసం ఒక వాయువు మీద పనిచేస్తూ ఉంటే, సిలిండరులోని వాయువు బయటికి రాలేదు. కోసి చూస్తే లోపల తెల్లని మైనంలాంటి పొడి. అదే టెఫ్లాన్. మన వంటింటి దోసె అంటుకోని పెనానికి పూసేది ఆ పదార్థమే. 1969లో బాబ్ గోర్ దానిని వేడి మీద ఒక్క గుంజుతో లాగి చూశాడు; సన్నని రంధ్రాలతో, మెత్తగా, గట్టిగా సాగింది. దేనికీ అంటుకోదు, శరీరం దానిని తిరస్కరించదు. రక్తనాళానికి గుడ్డగా ఇంతకంటే ఏమి కావాలి?

గుడ్డ ఉంది, దానిని నిలిపే చట్రం కావాలి. 1964లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో చార్లెస్ డాటర్ మూసుకుపోతున్న కాలి ధమనిని గొట్టాలతోనే తెరిచాడు. 1969లో కుక్కల ధమనుల్లో లోహపు చుట్టలు నిలిపి చూశాడు. 1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ గుండె ధమనిని బెలూనుతో తెరిచాడు. 1986లో ఫ్రాన్సులో తొలి స్టెంట్ మనిషి గుండెలో నిలిచింది. చట్రానికి గుడ్డ తొడగడం మాత్రం పెద్ద ధమనుల దగ్గర మొదలైంది. 1980ల చివరలో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొడోస్ ఛాతీలోని మహాధమనికి, 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో హువాన్ పరోదీ పొట్టలోని మహాధమనికి ఇటువంటి గొట్టాలు లోపలి నుంచి అమర్చారు. ఖార్కివ్ వార్త అప్పటి సోవియట్ గోడలు దాటి రావడానికి చాలా కాలం పట్టింది. పేరు పరోదీకి ఎక్కువ వచ్చింది గాని, ఇద్దరికీ చేయెత్తి నమస్కరించాలి.

గుండెకు చిన్న తొడుగు స్టెంట్ తరువాత వచ్చింది. రెండు సన్నని ఉక్కు జాలీల మధ్య సాగదీసిన టెఫ్లాన్ పొర. స్టెంట్ వేస్తుండగా గుండె ధమనికి చిల్లి పడితే ప్రాణం నిలపడానికి దీనిని వాడేందుకు 2001లో అమెరికాలో ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మన హైదరాబాదులో క్షిపణుల శాస్త్రజ్ఞులు ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారు, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు గారు కలిసి 1998లో తక్కువ ఖర్చు గుండె స్టెంట్ తయారు చేయించిన సంగతి చాలామందికి తెలుసు. కలాం-రాజు స్టెంట్‌కు తొడుగు లేదు, అది మెదడుకు ఉద్దేశించినదీ కాదు. అయినా దిగుమతి స్టెంట్ ధర విని సామాన్యుడు చేతులెత్తేసే రోజులలో, ఆ చిన్న జాలీని మనవారూ అల్లగలరని చూపిన ఘనత దానికి ఉంది.

గుండె కోసం చేసిన తొడుగు స్టెంట్‌ను మెదడు వైద్యులు అరువు తెచ్చుకున్నారు. చిక్కంతా ప్రయాణంలోనే. తొడ దగ్గర గాని మణికట్టు దగ్గర గాని సూది గుచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, తీగ వెంట గొట్టం, గొట్టం వెంట స్టెంట్ పైకి పంపాలి. కెరోటిడ్ ధమని పుర్రెలోకి ప్రవేశించే చోట ఒకదాని వెంట ఒకటి మెలికలు తిరుగుతుంది. తాయిఫ్‌కు ఎక్కే అల్ హదా ఘాటు రోడ్డు చూసిన మనవారికి ఆ మెలికలు వర్ణించనక్కరలేదు. చిన్న కారు సులువుగా తిరిగే చోట పొడవాటి ట్రైలరు ఇరుక్కుంటుంది. రెండు ఉక్కు జాలీల స్టెంట్ ఆ ట్రైలరు వంటిది. షాంఘైలో లీ మింగ్‌హువా బృందం, మైక్రోపోర్ట్ అనే కంపెనీ కలిసి మెదడు ధమనుల మెలికలకు తగినట్లు వంగే తొడుగు స్టెంట్ తయారు చేసి, దానికి ముందు చెప్పిన విల్లిస్ పేరు పెట్టారు. కోబాల్టు క్రోమియం జాలీ, పైన టెఫ్లాన్ పొర. బెలూను మీద నొక్కి పంపి, ఉబ్బు మెడ ఎదుట నిలిపి బెలూను పొంగిస్తే, గొట్టం గోడకు ఆనుకుంటుంది. రక్తం గొట్టంలోనే సాగిపోతుంది, ఉబ్బుకు అందదు. సరిగా కూర్చుంటే ఆ క్షణంలోనే ఉబ్బు తెర మీద మాయమవుతుంది. అంచు సరిగా ఆనకపోతే సందులో నుంచి కారుతుంది; మళ్ళీ బెలూను పొంగించాలి, లేదా రెండవ స్టెంట్ వేయాలి.

తొడుగుకు కళ్ళు లేవు. ఉబ్బును మూసినట్లే, పక్కన పుట్టే కొమ్మ ధమనిని కూడా మూసేస్తుంది. కంటికి పోయే కొమ్మ మూతపడితే చూపుకు ముప్పు. మరికాస్త పైన పుట్టే సన్నని కొమ్మ మూతపడితే పక్షవాతం. అందుకే ఈ మాటు మెదడులో ఎక్కడ పడితే అక్కడ పనికిరాదు. కొమ్మలు లేని చోట, ముఖ్యంగా కెరోటిడ్ ధమని పుర్రె అడుగున సాగే భాగంలోనే దీనికి మంచి చోటు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన పైప్‌లైన్ వంటి అల్లిక స్టెంట్లు వచ్చాక దీని అవసరం మరింత తగ్గింది. అవి గుడ్డ తొడిగినవి కావు, దగ్గరగా అల్లిన జల్లెడ వంటివి. గోడలో సుమారు మూడోవంతునే లోహం కప్పుతుంది. ఉబ్బులోకి రక్తపు వేగం తగ్గి, వారాలకో నెలలకో అది గడ్డకట్టి మూసుకుంటుంది. పక్క కొమ్మలు చాలావరకు తెరిచే ఉంటాయి. నిదానంగా మూసుకుంటే చాలిన ఉబ్బులకు జల్లెడే మేలు.

మరి తొడుగుకు మిగిలినదేమిటి? నిదానించడానికి వీలులేని చిల్లి. ముక్కు దారిలో పిట్యూటరీ గ్రంథి ఆపరేషను చేస్తుండగా ధమని తెగినప్పుడు. దెబ్బ వల్ల కెరోటిడ్ చిరిగి, పక్కనున్న సిరల గుంటలోకి రక్తం పడుతున్నప్పుడు. ఈ రెండవదానిలో కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకు వస్తుంది, తలలో నాడితో పాటు హోరు వినిపిస్తుంది. వేగానికి పేరుమోసిన ఈ దేశపు రహదారుల మీద బతికే మనకు ఇది దూరపు విషయం కాదు. 2010లో సాహిర్ కెమెరాలు వచ్చినప్పుడు జరిమానాలను తిట్టుకోనివారు మనలో తక్కువ. కారు ప్రమాదం తరువాత కొన్ని రోజులకో వారాలకో కన్ను ఎర్రబడితే అది కళ్ళకలక అనుకొని చుక్కల మందు వేసుకుంటూ కూర్చోరాదు.

ఇప్పుడు మన ఆచారం సంగతి. 1951లో ఈ దేశానికి ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఏర్పడింది. తొలి వైద్య కళాశాల రియాద్‌లో 1960ల చివరలో గాని తెరుచుకోలేదు. 1973 తరువాత చమురు ధర పెరిగి, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవారు దిగిన రోజులలో ఆసుపత్రులు కడుతున్నారు, నర్సులనూ డాక్టర్లనూ దేశదేశాల నుంచి పిలుస్తున్నారు. మెదడును కోయకుండా చూపే సీటీ యంత్రమే 1971లో లండన్‌లో తొలిసారి రోగికి వాడారు. అది ప్రపంచంలో ఏ ఊరికైనా చేరడానికి ఏళ్ళు పట్టింది. ఎడారి మధ్య కన్‌స్ట్రక్షన్ క్యాంపులో ఉన్న మనిషికి 'పెద్ద జబ్బు వస్తే ఇంటికి' అన్న మాట అప్పుడు బుద్ధిమంతుడి మాటే. ఆ తరాన్ని మేము తప్పుపట్టము.

కాని కాలం నిలవలేదు. రియాద్‌లో కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి 1975లో తెరుచుకుంది. దానిని తలపెట్టిన ఫైసల్ రాజు అదే ఏడు మార్చి 25న హత్యకు గురై ప్రారంభం చూడలేకపోయారు. ఆ ఆసుపత్రి నుంచి 1981లో మొదలైన వైద్య పత్రికే నేటి 'అనల్స్ ఆఫ్ సౌదీ మెడిసిన్'. నాడీ వైద్యానికే 'న్యూరోసైన్సెస్' అనే పత్రిక 1996లో రియాద్‌లో మొదలైంది. 2004లో తెరుచుకున్న కింగ్ ఫహద్ మెడికల్ సిటీలో నాడీ వ్యాధులకు ప్రత్యేక సంస్థే ఉంది. ధమనిలో నుంచి వెళ్ళి మెదడు ఉబ్బును మూసే నిపుణులు నేడు ఈ దేశపు పెద్ద నగరాలలో ఉన్నారు. ఆ ఆసుపత్రుల వార్డులలో రాత్రి డ్యూటీ చేసే నర్సులలో మన ఆడపడుచులూ ఉన్నారు. 1999లో చేసి, 2000 దశకం మధ్య నుంచి అంచెలంచెలుగా అమలు చేసిన సహకార ఆరోగ్య బీమా చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగంలోని పరదేశీయుడికి యజమానే బీమా కట్టాలి.

ఇక ముందు చెప్పిన 24 గంటలు. సెలవు అడగాలి, ఎగ్జిట్ రీఎంట్రీ వీసా తీయాలి, టికెట్ దొరకాలి, స్ట్రెచరు మీద రోగిని ఎక్కించుకోవడానికి విమానం వారు డాక్టరు పత్రం అడగాలి. రెండు రోజులు సులువుగా పోతాయి. పగిలిన ఉబ్బు మళ్ళీ పగలడానికి ఆ రెండు రోజులు చాలు. అంతకంటే దారుణం తొలి గంటల్లోనే జరుగుతుంది: పెనడాల్ రెండు మాత్రలు వేసి పడుకోమనడం. కుటుంబాలతో విల్లాల్లో ఉన్నవారికి పక్కన భార్యో భర్తో ఉంటారు, కారు ఉంటుంది. క్యాంపులో ఎనిమిది మంది ఒక గదిలో ఉండే కుర్రవాడికి ఫోర్‌మన్ ఒప్పుకుంటేనే ఆసుపత్రి. అతడి పేరు మన సంఘం సభ్యుల పట్టికలో ఉండకపోవచ్చు, ఈ సంచికా అతడికి అందకపోవచ్చు. అతడి ఫోను నంబరు మాత్రం మనలో ఎవరో ఒకరి దగ్గర తప్పక ఉంటుంది.

వైద్యం అయ్యాక కూడా కథ నడుస్తుంది. లోహం, టెఫ్లాన్ ధమనిలో ఉన్నాయి కనుక వాటి మీద రక్తం గడ్డకట్టకుండా ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు నెలల తరబడి, కొందరికి ఆస్ప్రిన్ జీవితాంతం వేసుకోవాలి. సెలవుకు ఊరు వెళ్ళి పన్ను పీకించుకోవడానికి పళ్ళ డాక్టరు మాట మీద ఆపేయడం, రంజాన్ ఉపవాసంలో మానేయడం రెండూ ప్రమాదమే. స్టెంట్ వేసిన డాక్టరును అడిగితే వేళలు మార్చి చెప్తారు. ఏ స్టెంట్, ఏ తేదీన, ఎక్కడ వేశారో తెలిపే కార్డును పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. రేపు హైదరాబాదులో ఎమ్మారై తీసేవారు అడిగే మొదటి ప్రశ్న అదే.

రక్త సంబంధీకులలో, అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో ఇద్దరికి ఈ ఉబ్బు ఉన్న కుటుంబం అయితే మిగిలినవారు ఒకసారి స్కానింగ్ విషయం డాక్టరుతో మాట్లాడడం మంచిది. మూత్రపిండాలలో నీటితిత్తుల జబ్బు వంశంలో ఉన్నవారూ అంతే. తాతగారు ఏ జబ్బుతో పోయారంటే 'తలనొప్పి వచ్చి ఒక్క పూటలో పోయారు' అని చెప్పుకునే ఇళ్ళు మనలో ఉన్నాయి. ఈసారి సెలవులో అమ్మమ్మలనూ నాయనమ్మలనూ ఆ వివరం అడిగి రాసుకోవాలి. అది చెప్పగలిగిన తరం తరిగిపోతోంది. పొగ తాగడం, రక్తపోటును పట్టించుకోకపోవడం ఈ ఉబ్బుకు ఆహారం వంటివి. సాయంత్రం కార్నిష్ మీద షీషా గుడగుడలాడించే మన కుర్రకారుకు ఈ వాక్యం ప్రత్యేకం.

ఈ దేశంలో అంబులెన్సుకు నంబరు 997. ఫోను తీసినవారికి ఇంగ్లీషు రాకపోతే, తెలుగు మాత్రమే వచ్చిన నాయనమ్మ కూడా చెప్పగలిగేలా మూడు అరబ్బీ మాటలు ఇంట్లో అందరికీ నేర్పి ఉంచవలసిందిగా పిల్లలను కోరుతున్నాము: సుదా షదీద్ ముఫాజి. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి అని అర్థం. పలుకు సరిగా రాకపోతే బడిలో అరబ్బీ చదువుకున్న మనవడు దిద్దుతాడు.